బోర్డు మీద 60, గన్నులో 30

విజయవాడలో ఎలక్ట్రిక్ కార్ల వాళ్ళు, ఛార్జింగ్ స్టేషన్లు నడిపేవాళ్ళు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కూడా ఇటువైపే తిరుగుతోంది.

మొదట ఒక్క ప్రశ్న. 60 కిలోవాట్ అని రాసిన ఛార్జరు దగ్గర కారు పెట్టి, తెర మీద 60 అంకెని కళ్ళారా చూసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. నాలుగు. సరే. 30, లేదా అంతకంటే తక్కువ చూసినవాళ్ళు? ఆ, ఇప్పుడు లేచాయి. దించండి, దించండి, లెక్కపెట్టక్కర్లేదు.

మనలో చాలామంది దీన్ని కరెంటు తక్కువై వచ్చిన సమస్య అనుకుంటారు. కొన్నిచోట్ల అది నిజమే. కానీ ఎక్కువ చోట్ల కరెంటు ఉంటుంది, ఛార్జరు బాగానే ఉంటుంది, మీ కారు కూడా తీసుకోగలదు, అయినా రాదు. ఎందుకు రాదు? కృష్ణా డెల్టాలో నిలబడి ఈ మాట చెప్పడానికి నాకు కొంచెం మొహమాటంగానే ఉంది. ఎందుకంటే వంతుల వారీగా నీళ్ళు వదలడం అంటే ఏమిటో ఇక్కడ చాలామందికి నాకంటే బాగా తెలుసు. ఎగువ తూము వాడు తన పొలం తడిశాక కూడా తలుపు దించకపోతే శివారు ఆయకట్టుకి నీళ్ళు రావు. కాలువలో నీళ్ళు లేక కాదు కదా? వంతు సరిగా లేక. ఛార్జింగ్ స్టేషన్‌లో జరిగేదీ అదే. అందుకే ఇవాళ వంతుల గురించే మాట్లాడతాను. ఆ తూములు ఎక్కడున్నాయి, తలుపు ఎవరి చేతిలో ఉంది, ఎందుకు ఇరుక్కుంటుంది, అంతే.

ముందు ఒక చిన్న సంగతి తేల్చుకుందాం. కిలోవాట్ అంటే వేగం, యూనిట్ అంటే పరిమాణం. 30 కిలోవాట్ వేగంతో గంటసేపు నింపితే 30 యూనిట్లు. మీరు డబ్బు కట్టేది యూనిట్లకి. వేగం సగమైనా బిల్లు సగం కాదు, మీ సమయం రెట్టింపవుతుంది, అంతే. స్టేషన్ వాళ్ళకి ఈ సమస్య వెంటనే కనపడకపోవడానికి అదొక కారణం. బిల్లులో ఏ తేడా రాదు కాబట్టి ఎవరూ వెతకరు.

ఇప్పుడు ఆ పెట్టె తలుపు తీద్దాం. హైవే మీద మనకి ఎక్కువగా కనపడేది రెండు గన్నుల 60 కిలోవాట్ డీసీ ఛార్జరు. గన్నంటే కారుకి గుచ్చే ప్లగ్గు. రెండూ సీసీఎస్2 గన్నులే, మన దగ్గర ఎక్కువ కార్లకి సరిపోయే రకం. లోపల 60 కిలోవాట్ యంత్రం ఒక్కటే ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండదు. లోపల మాడ్యూల్స్ ఉంటాయి, బీరువాలో అరల్లాగా. ఒక్కోటి 15 గానీ, 20 గానీ, 30 గానీ, కొత్తవాటిలో 40 కిలోవాట్ గానీ ఉంటుంది. ఏసీని డీసీగా మార్చే పని వాటిదే. 60 కావాలంటే 30 కిలోవాట్ మాడ్యూల్స్ రెండు పెట్టొచ్చు, 15వి నాలుగు పెట్టొచ్చు. బయట బోర్డు మీద రెండింటికీ 60 అనే రాస్తారు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ రెండో కారు వచ్చాక రెండూ ఒకేలా నడుచుకోవు.

ఎందుకో చూడండి. మాడ్యూల్‌ని ముక్క చేయలేం. ఒక మాడ్యూల్ ఒక సమయంలో ఒక గన్నుకే పనిచేస్తుంది. లడ్డూలు తుంచకుండా పంచినట్టు. రెండు పెద్ద లడ్డూలు ఉన్నాయి, ఇద్దరు పిల్లలున్నారు. ఒకడికి ఒకటిన్నర కావాలి, ఇంకొకడికి పావు చాలు. ఎలా పంచుతారు? తలా ఒకటి. రెండోవాడు పావు తిని ముప్పావు చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. మొదటివాడు ఆకలితో చూస్తుంటాడు. అదే లడ్డూలు చిన్నవైతే గొడవే లేదు.

ఇప్పుడు అంకెలు వేద్దాం, రాసుకునేవాళ్ళు రాసుకోండి. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు, 20 పర్సెంట్‌తో వచ్చింది, 80కి వెళ్ళాలి. అంటే 27 యూనిట్లు. ఒంటరిగా ఉంటే సగటున 45 కిలోవాట్ లాగుతుందనుకుందాం. 36 నిమిషాల్లో అయిపోవాలి. పది నిమిషాలయ్యాక పక్క గన్నుకి ఇంకో కారు వచ్చింది. అది 85 పర్సెంట్‌లో ఉంది, 100 చేసుకుని వెళదామని. 85 దాటాక చాలా కార్లు ఎక్కువ తీసుకోవు, ఇది 12 కిలోవాట్ అడుగుతోంది.

30 కిలోవాట్ మాడ్యూల్స్ రెండున్న ఛార్జరులో ఏం జరుగుతుంది? రెండో కారుకి ఒక మాడ్యూల్ వెళ్ళిపోతుంది. మొదటి కారుకి మిగిలింది 30. మొదటి పది నిమిషాల్లో ఏడున్నర యూనిట్లు ఎక్కాయి, మిగతా పంతొమ్మిదిన్నర యూనిట్లు 30 చొప్పున ఎక్కాలంటే 39 నిమిషాలు. మొత్తం 49. పదమూడు నిమిషాలు పోయాయి. పోనీ ఆ పదమూడు నిమిషాలు పక్క కారుకేమన్నా ఉపయోగపడ్డాయా? లేదు! దానికి కావలసింది 12. మిగతా 18 కిలోవాట్ ఎవరికీ కాకుండా పోయింది. 15 కిలోవాట్ మాడ్యూల్స్ నాలుగున్న ఛార్జరైతే? రెండో కారుకి ఒకటి, మొదటి కారుకి మూడు. మూడు పదిహేనులు 45. మొదటి కారుకి ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాదు. అదే 60, అదే కేబుల్, అదే కరెంటు.

అందుకే స్టేషన్ పెట్టేవాళ్ళకి నా మొదటి మాట. ఛార్జరు కొనేటప్పుడు ఎన్ని కిలోవాట్లు అని మాత్రమే అడక్కండి, ఎన్ని మాడ్యూల్స్ అని అడగండి. చిన్న మాడ్యూల్స్ ఎక్కువ పెడితే ఖర్చు పెరుగుతుంది, కాదనను. మాడ్యూల్ వల్ల కాదు, వాటిని గన్నులకి కలిపే కాంటాక్టర్ల వల్ల, అంటే కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్చుల వల్ల. ఏ మాడ్యూల్ అయినా ఏ గన్నుకైనా వెళ్ళగలగాలంటే ఆరు మాడ్యూల్స్, మూడు గన్నులకి పద్దెనిమిది జోడింపులు. ప్లస్‌కి ఒకటి, మైనస్‌కి ఒకటి, మొత్తం 36 కాంటాక్టర్లు. అందుకని చాలామంది తయారీదారులు మధ్యేమార్గంగా వెళతారు. కొన్ని మాడ్యూల్స్‌ని ఒక గన్నుకి కట్టేసి, మధ్యలో ఒకటో రెండో మాత్రం అటూ ఇటూ మారేలా పెడతారు. తప్పు కాదు. ఏది కట్టేశారో, ఏది మారుతుందో తెలుసుకుని కొనాలి, అంతే.

ఇక పంచే పద్ధతి. ఇందులో మూడు రకాలు చూస్తాం. మొదటిది శాశ్వతంగా చెరి సగం. పక్కన కారు ఉన్నా లేకపోయినా మీకు 30 మించదు. అలాంటిదాన్ని నా ఉద్దేశంలో 60 అని అమ్మకూడదు, అది రెండు 30 ఛార్జర్లు. రెండోది, రెండో కారు వస్తే సగం. ఒంటరిగా ఉంటే 60, రెండోది రాగానే 30, 30. మూడోది, అడిగిన దాన్నిబట్టి మాడ్యూల్స్ మారుతూ ఉండేది. ఈ మూడోదాన్నే డైనమిక్ అంటారు. కానీ జాగ్రత్త, రెండోదాన్ని కూడా డైనమిక్ అనే బ్రోషర్లో వేస్తారు.

అమెరికాలో మనవాళ్ళు ఎవరైనా ఉంటే అడగండి, టెస్లా పాత సూపర్‌ఛార్జర్లలో 1ఏ, 1బీ అని జంట నంబర్లు ఉండేవి. ఆ జంటకి కలిపి ఒకటే క్యాబినెట్, అంటే మాడ్యూల్స్ ఉండే పెట్టె. ముందు వచ్చిన కారుకి పెద్ద వాటా, తర్వాత వచ్చిన కారుకి మిగిలింది. అందుకని అక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ జంటలో రెండోదానికి వెళ్ళరు, ఖాళీ జంట వెతుక్కుంటారు. 2019లో వీ3 అనే కొత్త రకం వచ్చినప్పుడు ఆ జంట పంపకం తీసేశారు, ఒక్కో గన్నుకి 250 కిలోవాట్ వరకు. పాత పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది, నంబరు చూస్తే జంట ఏదో తెలిసేది. మన దగ్గర ఆ ఒక్క సదుపాయం కూడా లేదు. పక్కపక్కన నాలుగు గన్నులుంటాయి, ఏది ఏ క్యాబినెట్‌దో పెయింటుతో ఒక అంకె వేసిన స్టేషన్లు ఎన్ని ఉన్నాయి? డబ్బా పెయింటు ఎంతవుతుందండీ?

మరి సమాన వాటా న్యాయమేనా? వినడానికి న్యాయంగానే ఉంటుంది. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న టాటా టియాగో తీసుకోండి. 10 నుంచి 80 పర్సెంట్‌కి దాదాపు గంట అని కంపెనీయే చెబుతుంది. గంటలో 17 యూనిట్లు అంటే సగటున 17 కిలోవాట్. దానికి 60 ఇచ్చినా ఒకటే, 30 ఇచ్చినా ఒకటే. ఇంకోపక్క మహీంద్రా బీఈ 6, 79 యూనిట్లది. 20 నుంచి 80కి 47 యూనిట్లు కావాలి. 60 వస్తే 47 నిమిషాలు, 30 వస్తే 95 నిమిషాలు. సమానంగా పంచారు, ఒకరికి ఏమీ తెలియలేదు, ఇంకొకరికి ముప్పావుగంట పోయింది. వాటా సమానం, నష్టం సమానం కాదు. కాబట్టి గన్ను లెక్కన కాకుండా అడిగినదాని లెక్కన పంచాలి. అలాగని పెద్ద కారుకి అంతా ఇచ్చేసి చిన్నదాన్ని ఆపేయకూడదు. ప్రతి గన్నుకీ ఒక మాడ్యూల్ కనీస హామీ, దానిపైన మిగిలింది ఎవరు అడిగితే వాళ్ళకి. నాకు తోచినంతవరకు ఇంతకంటే మెరుగైన నియమం లేదు.

సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి ఇటు వచ్చే 65వ నంబరు హైవే గుర్తు తెచ్చుకోండి. అందరూ ఇంట్లో 100 పెట్టుకుని బయలుదేరతారు, అందరూ సగం దారిలో, సూర్యాపేట ప్రాంతంలోనే ఆగుతారు. అందరి బ్యాటరీ ఒకే స్థితిలో ఉంటుంది, అందరూ గరిష్ఠంగా అడుగుతారు. అప్పుడు ఎంత గొప్ప డైనమిక్ ఛార్జరైనా సగం సగమే ఇస్తుంది. ఆరోజు పంపకాన్ని తిట్టి లాభం లేదు. మామూలు రోజున, పక్క కారు 92 పర్సెంట్‌లో ఉన్నప్పుడు కూడా సగమే వస్తుంటే, అప్పుడు తిట్టండి.

మాడ్యూల్ మారేటప్పుడు ఏం జరుగుతుంది

ఇది కొంచెం లోతుగా చెబుతాను, ఎందుకంటే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి. "రెండో కారు పెట్టగానే నా ఛార్జింగ్ ఆగిపోయింది" అంటారే, అది.

మాడ్యూల్‌ని ఒక కారునుంచి తీసి ఇంకో కారుకి ఇవ్వడం అంటే స్విచ్ మార్చడం కాదు. కారూ ఛార్జరూ మాట్లాడుకుంటూనే ఉంటాయి, ఆ కేబుల్ లోపలి సన్నతీగ మీద. నాకు ఇన్ని ఆంపియర్లు కావాలి అని కారు అడుగుతుంది, నేను ఇవ్వగలిగింది ఇంత అని ఛార్జరు చెబుతుంది. ఇది సెకనులో చాలాసార్లు జరుగుతుంది. మాడ్యూల్ తీయాలంటే ముందు ఛార్జరు మొదటి కారుకి "నా హద్దు తగ్గింది" అని చెప్పాలి. తర్వాత ఆంపియర్లు తగ్గించాలి. వెళ్ళిపోయే మాడ్యూల్‌ని సున్నాకి తేవాలి. అప్పుడు కాంటాక్టర్ తెరవాలి. తర్వాత ఆ మాడ్యూల్ రెండో కారు బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా తన వోల్టేజీ తెచ్చుకోవాలి. అప్పుడు అటువైపు కాంటాక్టర్ మూయాలి. చివరికి రెండో కారుకి "నా హద్దు పెరిగింది" అని చెప్పాలి. సవ్యంగా జరిగితే కొన్ని సెకన్లు, నెమ్మదైన ఛార్జర్లలో అరనిమిషం.

ఇందులో ఏ మెట్టు దాటేసినా తంటానే. హద్దు తగ్గిన సంగతి చెప్పకుండా ఆంపియర్లు తగ్గించేస్తే, అడిగింది ఒకటి, వస్తున్నది ఇంకొకటి అని కొన్ని కార్లు అనుమానపడి ఛార్జింగ్ ఆపేస్తాయి. ఒకే స్టేషన్‌లో ఒక కంపెనీ కారు ఆగిపోతుంది, ఇంకో కంపెనీ కారు ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. అప్పుడు కారుదే తప్పంటారు స్టేషన్ వాళ్ళు, స్టేషన్‌దే అంటారు కారు వాళ్ళు. కారూ ఛార్జరూ ఎలా మాట్లాడుకోవాలో చెప్పే పాత డీఐఎన్ 70121 ప్రమాణంలో ఛార్జింగ్ నడుస్తుండగా గరిష్ఠ హద్దు మళ్ళీ చెప్పడం ఐచ్ఛికం. చెప్పకపోయినా ప్రమాణం తప్పినట్టు కాదు. అదండీ మెలిక. దీనికి మందు ఛార్జరు సాఫ్ట్‌వేర్ మార్చడమే, మీరు గన్ను పీకి పెట్టడం కాదు.

వోల్టేజీ కలవకుండా కాంటాక్టర్ మూస్తే నిప్పురవ్వ వస్తుంది. ఒకసారి కాదు, రోజుకి ఇరవైసార్లు. కొన్నాళ్ళకి కాంటాక్టర్ కొసలు అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఏమవుతుంది? రెండు గన్నులూ లోపల కలిసిపోయినట్టే. రెండు కార్ల బ్యాటరీలు నేరుగా ఒకదానికొకటి తగులుకునే ప్రమాదం అది. అందుకని తెలివైన ఛార్జరు దాన్ని పసిగట్టి రెండు గన్నులూ ఆపేస్తుంది. "ఒక గన్నులో కదా ఫాల్ట్, రెండోది ఎందుకు పనిచేయదు" అని అడుగుతారు. ఇందుకే. దయచేసి సర్వీసు వాళ్ళమీద ఒత్తిడి తెచ్చి రెండోదాన్ని బలవంతంగా ఆన్ చేయించకండి.

ఇంకోటి, ఇన్సులేషన్ పరీక్ష. రెండో కారు పెట్టగానే ఛార్జరు ఆ కేబుల్‌లో వోల్టేజీ పెట్టి ఎర్త్‌కి లీకు ఉందేమో చూస్తుంది. రెండు గన్నుల మధ్య విడదీత సరిగా లేకపోతే ఆ పరీక్ష మొదటి కారు సర్క్యూట్‌లో కూడా లీకులాగా కనపడి అది ఆగిపోతుంది. వానాకాలంలో, గన్ను కింద పడి తడిసిన చోట్ల ఇది ఎక్కువ. గన్నుని హోల్డర్‌లో పెట్టండయ్యా, నేల మీద పడేయకండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది చెప్పాల్సిందే.

తిరిగి ఇవ్వడం సంగతి కూడా చూడండి. పక్క కారు వెళ్ళిపోయింది. ఇప్పుడు మీకు మొత్తం రావాలి కదా? కొన్ని ఛార్జర్లు వాటా నిర్ణయాన్ని ఛార్జింగ్ మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారే చేస్తాయి. మధ్యలో తగ్గిస్తాయి గానీ పెంచవు. అందుకని పక్కన ఎవరూ లేకపోయినా మీకు 30 దగ్గరే నిలబడిపోతుంది. ఏం చేయాలి? ఒక నిమిషం ఆగండి. పెరగకపోతే, మీకింకా పది యూనిట్ల కంటే ఎక్కువ కావాలంటే, ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. ఐదారు యూనిట్లే మిగిలితే వదిలేయండి, యాప్‌లో మళ్ళీ ఓటీపీ, మళ్ళీ డబ్బు బ్లాక్ అవడం, ఆ రెండు మూడు నిమిషాలకి గిట్టుబాటు కాదు.

పంపకమా, ఇంకేమన్నానా

వేగం తగ్గిన ప్రతిసారీ పంపకమే కారణం అనుకోకండి. తెర మీద రెండు అంకెలు చూడండి, వోల్టులు, ఆంపియర్లు. హెచ్చిస్తే కిలోవాట్. 330 వోల్టులు, 91 ఆంపియర్లు ఉంటే 30 కిలోవాట్. ఆ 30 అంకె కదలకుండా అతికించినట్టు నిలబడితే అది ఛార్జరు పెట్టిన హద్దు. పక్క గన్నులో కారు ఉంటే పంపకం. కారు లేకపోయినా 30 దగ్గరే ఉంటే రెండు మాడ్యూల్స్‌లో ఒకటి చచ్చిపోయి ఉండొచ్చు, లేదా శాశ్వత సగం రకం, లేదా ఇందాక చెప్పిన తిరిగి ఇవ్వని రకం. ఆపి మొదలుపెడితే పెరిగిందా, తిరిగి ఇవ్వని రకం. పెరగలేదా, ఫోన్ చేసి మాడ్యూల్ చూడమనండి.

అంకె కదలకుండా కాక కొంచెం కొంచెంగా దిగుతూ ఉంటే అది చాలావరకు మీ కారే. బ్యాటరీ నిండుతోంది, లేదా వేడెక్కింది. ఆంపియర్లు సరిగ్గా 100 దగ్గర ఆగితే, 30 కిలోవాట్ మాడ్యూల్ ఒక్కటే పనిచేస్తూ ఉండొచ్చు, ఆ మాడ్యూల్స్ సాధారణంగా 100 ఆంపియర్లు దాటవు. మే నెల మధ్యాహ్నం మాత్రం ఇంకో అనుమానం ఉంచుకోండి. మాడ్యూల్ లోపల వేడెక్కితే తనంతట తనే తగ్గుతుంది. లారీలు తిరిగే చోట గాలి ఫిల్టర్లు దుమ్ముతో పూడిపోతాయి, అప్పుడు ఇంకా ముందే తగ్గుతుంది. స్టేషన్ నడిపేవాళ్ళు ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి ఫిల్టర్ దులిపితే సగం ఫిర్యాదులు తగ్గుతాయి.

చచ్చిన మాడ్యూల్ ఎవరికీ ఎందుకు తెలియదో కూడా చెబుతాను. నాలుగు పదిహేనుల్లో ఒకటి పోతే 45 వస్తుంది. రోజూ వచ్చే కార్లు ఎక్కువభాగం 45 కంటే తక్కువే అడుగుతాయి. ఎవరూ ఫిర్యాదు చేయరు. స్టేషన్ వాళ్ళు నెలకోసారి లాగ్ తీసి, ఆ నెలలో వచ్చిన అత్యధిక కిలోవాట్ ఎంతో ఒక్క అంకె చూసుకోండి. నెలంతా 45 దాటకపోతే అనుమానించండి.

ఇక పెట్టె బయటి పంపకం. 60 కిలోవాట్ గన్ను దగ్గర ఇవ్వాలంటే, 95 శాతం సామర్థ్యం, 0.99 పవర్ ఫ్యాక్టర్ వేసుకుంటే, గ్రిడ్ వైపు దాదాపు 64 కేవీఏ, ఫేజుకి 89 ఆంపియర్లు. కేవీఏ అంటే ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడుకి కొలత. అలాంటి ఛార్జర్లు మూడు పెట్టి 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారనుకోండి. మూడూ పూర్తిగా లాగితే 191 కేవీఏ. కుదరదు కదా? అందుకని స్టేషన్ మొత్తానికి ఒక హద్దు పెట్టాలి. 150 కిలోవాట్ ఇచ్చేసరికే 160 కేవీఏ నిండిపోతుంది. లైట్లు, పక్కన హోటల్ ఏసీ కూడా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటే 140కి దిగండి. డిస్కం దగ్గర మంజూరైన లోడు అంతకంటే తక్కువైతే ఆ అంకే మీ హద్దు.

దీన్ని చాలామంది సోమరిగా చేస్తారు. ఒక్కో ఛార్జరుకి 46 అని పెట్టి వదిలేస్తారు. రెండు ఛార్జర్లు ఖాళీగా ఉన్నా మూడోదానికి 46 మించి రాదు. ఆ హద్దుని సర్వర్ నుంచి నడిపించొచ్చు, ఛార్జరూ సర్వరూ మాట్లాడుకునే భాష ఓసీపీపీ, దాని 1.6 వెర్షన్‌లోనే ఆ ఏర్పాటు ఉంది. కానీ రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, హద్దు వాట్లలో పంపాలి. 30 కిలోవాట్ అంటే 30000. ఎవరో 30 అని పంపుతారు, ఛార్జరు 30 వాట్లు అనుకుని ఆపేస్తుంది. ఆంపియర్లలో పంపితే అవి గ్రిడ్ వైపువా, గన్ను వైపువా అన్నది ఒక్కో తయారీదారు ఒక్కోలా తీసుకుంటాడు. వాట్లే పంపండి.

రెండోది, నెట్ పోతే ఏంటి? చివరగా వచ్చిన హద్దే ఛార్జరులో ఉండిపోతుంది. రాత్రి రద్దీలో 25 అని పంపారు, సిమ్ సిగ్నల్ పోయింది, తెల్లారి ఖాళీ స్టేషన్‌లో కూడా 25. దీనికి ఉపాయం రెండు పొరలు. అడుగున, స్టాక్ లెవెల్ 0లో, గడువు లేని భద్రమైన హద్దు, మూడు ఛార్జర్లూ ఒకేసారి లాగినా ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకునేది. పైన, స్టాక్ లెవెల్ 1లో, అప్పటికప్పుడు లెక్కవేసిన హద్దు, 120 సెకన్ల గడువుతో. నిమిషానికోసారి కొత్తది పంపుతూ ఉంటారు. నెట్ పోతే రెండు నిమిషాల్లో పైపొర కాలం చెల్లిపోయి అడుగుపొర పనిచేస్తుంది. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఏసీ పాయింట్ల గురించి కూడా ఎవరో అడిగారు, టూకీగా చెబుతాను. మాల్ పార్కింగుల్లో 7.4 కిలోవాట్ పాయింట్లు ఉంటాయి, ఒక్క ఫేజు, 32 ఆంపియర్లు. పంపకం 6 ఆంపియర్ల కిందికి వెళ్ళడానికి వీల్లేదు, ప్రమాణం ఒప్పుకోదు. 63 ఆంపియర్ల ఫేజు మీద పది కార్లకి తలా 6.3 ఇవ్వొచ్చు, పదకొండోది వస్తే 5.7, కాబట్టి ఒక కారు ఆగాలి. ఆగిన కారు మళ్ళీ వంతు వచ్చినా కొన్నిసార్లు నిద్ర లేవదు. ఇంకా ముఖ్యం, ఆర్, వై, బీ అని మూడు ఫేజులున్నా ఎలక్ట్రీషియన్ అన్ని పాయింట్లనీ ఆర్ ఫేజు మీదే వేసేస్తాడు. వై, బీ ఖాళీగా ఉంటాయి, ఆర్ బ్రేకర్ పడిపోతుంది. మొదటి పాయింట్ ఆర్, రెండోది వై, మూడోది బీ, అలా తిప్పి వేయించండి.

స్టేషన్ వాళ్ళూ, కొత్త ఛార్జరు దించుకున్న రోజు సంతకం పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. రెండు కార్లు తెచ్చుకోండి, ఒకటి 30 పర్సెంట్ లోపు, ఒకటి 85 పైన. మొదటిది పెట్టి రెండు నిమిషాలయ్యాక కిలోవాట్ రాసుకోండి. రెండోది పెట్టండి. మొదటిది ఆగిందా, తగ్గిందా, ఎంతకి తగ్గింది, ఎన్ని సెకన్లు పట్టింది రాసుకోండి. రెండోది తీసేయండి. నిమిషంలో మొదటిదానికి పాత అంకె తిరిగి రావాలి. గన్నులు మార్చి మళ్ళీ చేయండి. ఇలా పదిసార్లు. పదిలో ఒక్కసారి ఆగినా అదే సంక్రాంతి రోజున వందసార్లు ఆగుతుంది. ఆ కాగితం ఇన్‌వాయిస్‌కి పిన్ చేసి పెట్టుకోండి. ఇంకోటి, తెర మీద "పక్క గన్నుతో పంచుకుంటోంది, మీకు గరిష్ఠంగా ఇంత" అని తెలుగులో ఒక్క వాక్యం పెట్టించండి. మనిషి నలభై నిమిషాలు ఆగడానికి ఒప్పుకుంటాడు, ఎందుకు ఆగుతున్నాడో తెలియకపోతే మాత్రం ఒప్పుకోడు.

కారు వాళ్ళకి రెండే మాటలు. రెండు క్యాబినెట్లు ఉంటే, రెండు గన్నులూ ఖాళీగా ఉన్నదానికి వెళ్ళండి. అలాంటిది లేకపోతే, పక్క కారు తెరమీద పర్సెంట్ చూసి, త్వరగా వెళ్ళిపోయేదాని పక్కన పెట్టండి. హైవే మీద 80 దాటాక కదలండి. 80 నుంచి 100కి పట్టే సమయం చాలా కార్లలో 20 నుంచి 80కి పట్టేదానికి దాదాపు సమానం.

ప్రశ్నలేమన్నా... చెప్పండమ్మా. ఆ. పక్క కారు 97లో ఉంది, మనిషి భోజనానికి వెళ్ళాడు, ఫోన్ ఎత్తడు, ఏం చేయాలి అని. మంచి ప్రశ్న. గన్ను కారులో లాక్ అయి ఉంటుంది, లాగినా రాదు, లాగకండి. ఎర్ర బటన్ నొక్కేస్తే అతని ఛార్జింగ్ ఆగిపోతుంది కదా అని కొందరు నొక్కుతున్నారు. అది ఎమర్జెన్సీ స్టాప్, క్యాబినెట్ మొత్తానికి ఒకటే. రెండు గన్నులూ పోతాయి, మీదీ పోతుంది. బటన్ తిప్పి పైకి తీశాక కూడా ఛార్జరు మళ్ళీ మొదలవ్వడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కొన్నింటిని మనిషి వచ్చి రీసెట్ చేయాలి. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఆ గన్ను నంబరు చెప్పండి, వాళ్ళు సర్వర్ నుంచి ఆ ఒక్క గన్నుని ఆపగలరు. ఆపినా కేబుల్ అతని కారుకే ఉంటుంది. కానీ మాడ్యూల్ మాత్రం మీకు వచ్చేస్తుంది.